పాల కూలర్లకి మామూలు ప్రీపెయిడ్ సిమ్ సరిపోదా? రొయ్యల చెరువుల మీద నేను పడ్డ పాట్లు చెప్తా

మీ ప్రశ్న చదివానండి. ప్రకాశం జిల్లాలో 40 ఊళ్ళలో పాల సేకరణ కేంద్రాలు, ఒక్కో చోట ఒక బల్క్ కూలర్, టెంపరేచర్ 4 డిగ్రీలు దాటి పైకి పోతుంటే మీ ఫోనుకి తెలియాలి, దానికి షాపులో దొరికే మామూలు ప్రీపెయిడ్ సిమ్‌లు 40 కొని పెట్టేస్తే పోలేదా, ఈ ఎం2ఎం సిమ్ (మిషన్లలో పెట్టడానికని విడిగా ఇచ్చే సిమ్) అనేది నిజంగా అవసరమా లేక అంటగడుతున్నారా అని కదా. నాకు పాల వ్యాపారం తెలీదు కానీ భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద ఆరేళ్ళుగా ఇదే పని చేస్తున్నా, నీళ్ళలో ఆక్సిజన్ చూసే సెన్సర్, ఏరియేటర్లు (నీళ్ళు చిలికి గాలి కలిపే మిషన్లు) తిరుగుతున్నాయో ఆగాయో చూసే బాక్సు, అన్నీ సిమ్ మీదే నడుస్తాయి. మొదట్లో నేనూ అచ్చం మీలాగే అనుకున్నా.

ముందే ఒక మాట, సిమ్ రేటు చూడకండి, ఆ సిమ్ వల్ల మీరు ఎన్నిసార్లు బండేసుకుని ఆ ఊరు వెళ్ళాల్సొస్తుందో లెక్కేయండి. నాకు ఒక్క చెరువు దాకా వెళ్ళొస్తే పెట్రోలు, సగం పూట కలిపి నాలుగైదు వందలు పోతాయి, రీచార్జిలో మిగిలిందంతా ఒక్క ట్రిప్పుతో సరి.

నేను మొదటి 24 బాక్సులకి ప్రీపెయిడ్ సిమ్‌లే వేశా. ఒక మనిషి పేరు మీద 9 కంటే ఎక్కువ ఉండకూడదు కాబట్టి నా పేరు మీద 9, మా ఆవిడ పేరు మీద 9, మిగతా 6 మా బావమరిది పేరు మీద, మా ఇంట్లో ఫోన్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయని తర్వాత వెలిగింది అనుకోండి. (మీ పేరు మీద ఎన్ని ఉన్నాయో టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ సైట్లో చూసుకోవచ్చు, అందులో ఆ నంబర్లు చూసే పద్ధతి ముందు మొదలెట్టింది మన ఆంధ్ర, తెలంగాణలకే.) ప్లాన్లన్నీ 28 రోజులవి, అంటే ఏడాదికి 12 కాదు 13 రీచార్జులు, పైగా ఒక్కో సిమ్ ఒక్కో రోజు కొన్నది కాబట్టి గడువు తేదీలు నెలంతా చెల్లాచెదురు. ఎక్సెల్ షీట్ పెట్టా, ఫోన్లో అలారాలు పెట్టా, అయినా ఒకటి జారిపోయింది.

అది ఏ రాత్రి జారిందో చెప్పాలి కదా. రొయ్యల చెరువుకి తెల్లవారుజామే గండం, పగలంతా నీళ్ళలో పచ్చదనం ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అదే ఆక్సిజన్ తినేస్తుంది, కోడి కూసే వేళకి బాగా పడిపోతుంది, వెనామీకి (మేం పెంచే రొయ్య రకం) ఆక్సిజన్ 4 పీపీఎం కంటే తగ్గకుండా చూసుకోవాలి. ఆ రోజు రెండున్నరకి కరెంటు పోయింది, మకాంలో (చెరువు గట్టు మీది కాపలా గదిలో) ఉన్న కాపలా మనిషికి మెలకువ రాలేదు, నా బాక్సులో సిమ్ గడువు అంతకు ముందు రోజే అయిపోయింది. ఐదింటికి రైతు ఫోన్, "ఏం అబ్బాయ్, నీ డబ్బా కూడా నిద్రపోయిందా, రొయ్యలు తేలిపోయాయి ఇక్కడ" అని. జనరేటర్ వేసి కొంత దక్కించుకున్నారు, కొంత పోయింది. నేను గబగబా ల్యాప్‌టాప్ తీసి చూస్తే స్క్రీన్ మీద ఆ చెరువు పచ్చ రంగులో 5.2 అని చూపిస్తోంది! ఎందుకంటే అది నిన్న సాయంత్రం వచ్చిన ఆఖరి రీడింగు, కొత్తది రాకపోతే పాతదాన్నే చూపించేలా నేనే రాసుకున్నా. సిమ్ తప్పు సగం, నా తప్పు సగం.

కాబట్టి మీరు ఏ సిమ్ వేసినా సరే, పది నిమిషాలు డేటా రాకపోతే అదే ఒక అలారం అవ్వాలి. టెంపరేచర్ పెరిగితేనే మోగే అలారం కంటే బాక్సు మాట్లాడకపోతే మోగే అలారం ఎక్కువ ముఖ్యం. సిస్టం అమ్మేవాళ్ళని మొట్టమొదట ఇదే అడగండి, సగం మంది నీళ్ళు నములుతారు.

ఇక ఎం2ఎం సిమ్ అంటే ఏంటో. చూడ్డానికి మామూలు సిమ్మే, కాకపోతే నంబర్ 13 అంకెలు. 2018లో ఈ 13 అంకెలు వచ్చినప్పుడు మన ఫోన్ నంబర్లన్నీ మారిపోతాయని వాట్సాప్‌లో ఒకటే గోల, మా నాన్నగారు కూడా భయపడ్డారు, అది మిషన్లలో పెట్టే సిమ్‌లకే, మనుషుల నంబర్లు పదే అంకెలు. ఇందులో కాల్స్, ఎస్సెమ్మెస్‌లు ముందే రాసిచ్చిన కొద్ది నంబర్లకే వెళ్తాయి, ఎవరికి పడితే వాళ్ళకి చెయ్యలేం. సిమ్‌లు మీ సంస్థ పేరు మీద, పోస్ట్‌పెయిడ్, నెలకి అన్నిటికీ కలిపి ఒకే బిల్లు, డేటా అందరికీ ఉమ్మడి కుండ లాగా తీసుకోవచ్చు, ఒక ఊళ్ళో ఎక్కువ అయినా ఇంకో ఊళ్ళో తగ్గినా సర్దుకుపోతుంది. అన్నిటికంటే నాకు నచ్చింది పోర్టల్, ఏ సిమ్ ఇప్పుడు నెట్‌వర్క్ మీద ఉంది, ఎంత డేటా తిన్నది, ఎప్పుడు ఆఖరిసారి కనెక్ట్ అయింది అని ఇంట్లో కూర్చుని చూడొచ్చు, అంటే పోయింది సిమ్మా, కరెంటా, బాక్సా అని వెళ్ళకముందే ఒక అంచనా వస్తుంది. ఇక్కడే ట్రిప్పులు తగ్గేది.

ఇంకోటి ఐఎంఈఐ (ఒక్కో మోడెంకి ఉండే సొంత నంబర్) లాక్, అంటే ఆ సిమ్ ఆ బాక్సులో తప్ప వేరే దాంట్లో పెడితే పనిచెయ్యదు. ఇది అడిగి మరీ పెట్టించుకోండి. నా ప్రీపెయిడ్ రోజుల్లో ఒక చెరువు సిమ్ ఒక్క రాత్రిలో ఒకటిన్నర జీబీ లాగేసింది, ఏంటా అని వెళ్తే కాపలా మనిషి గారి అబ్బాయి సిమ్ తీసి ఫోన్లో వేసుకుని సినిమా చూసి మళ్ళీ పొద్దున్నే బుద్ధిగా పెట్టేస్తున్నాడు. పిల్లాడు పోనీలే. దక్షిణాఫ్రికాలో జొహన్నెస్‌బర్గ్‌లో అయితే ట్రాఫిక్ సిగ్నళ్ళలో సిమ్‌లు పెడితే దొంగలు వాటినే పగలగొట్టి ఎత్తుకుపోయారు, వందల సిగ్నళ్ళు ఆగిపోయాయి, 2011లో పేపర్లలో వచ్చింది.

కాగితాల పని కొంచెం ఉంటుంది. సంస్థ రిజిస్ట్రేషన్, జీఎస్టీ, సంతకం చేసే వ్యక్తి ఆధార్, ఏ బాక్సు ఎక్కడ ఉందో లిస్టు. టెలికాం శాఖ 2022లో ఎం2ఎం సేవలు ఇచ్చేవాళ్ళు రిజిస్టర్ చేసుకోవాలని నియమాలు పెట్టింది, మీరు ఎవరి దగ్గరైనా సిస్టం మొత్తం కొంటున్నట్టయితే ఆ రిజిస్ట్రేషన్ ఉందా అని వాళ్ళనే అడగండి. షాపులో ఇచ్చేవి కావు ఇవి, ఆపరేటర్ కార్పొరేట్ సేల్స్ వాళ్ళని పట్టుకోవాలి, 40 సిమ్‌లంటే మొదట పెద్దగా పట్టించుకోరు, నేను మూడు వారాలు తిరిగా.

తర్వాత బాక్సులో ఉండే మోడెం, అంటే సిమ్ పట్టుకుని నెట్‌వర్క్‌తో మాట్లాడే ముక్క. ఇక్కడ నేను బాగా దెబ్బ తిన్నా. చవగ్గా వస్తున్నాయని సిమ్800 అనే 2జీ మాడ్యూల్స్ కొన్నా, అవి జియో మీద చచ్చినా పనిచెయ్యవు, జియో 2016లో 4జీతోనే మొదలైంది, దానికి 2జీ ఎప్పుడూ లేదు. ఇంకా ఘోరం ఏంటంటే ఆ మాడ్యూల్ సిగ్నల్ పంపే క్షణంలో 2 ఆంపియర్లు లాగుతుంది, మా టేబుల్ మీద బాగా పనిచేసింది, చెరువు మీద సన్న వైరుతో పెట్టేసరికి పంపబోయిన ప్రతిసారీ రీస్టార్ట్. నెల రోజులు ఆపరేటర్‌ని తిట్టుకున్నా పాపం. ఇప్పుడు 4జీ క్యాట్-1 (ఇలాంటి బాక్సులకి సరిపోయే తక్కువ వేగం 4జీ) మాడ్యూల్సే వాడుతున్నా, 4జీ లేని చోట 2జీకి దిగేవి దొరుకుతాయి, అవే తీసుకోండి.

ఎం2ఎం సిమ్‌కి ఏపీఎన్ (డేటా ఏ దారిన వెళ్ళాలో చెప్పే సెట్టింగ్ పేరు) వేరేగా ఇస్తారు, అది బాక్సులో కొట్టాలి. నేను పాత ఏపీఎన్ అలాగే ఉంచేసి రెండు రోజులు తల పగలగొట్టుకున్నా, సిగ్నల్ ఫుల్‌గా ఉంటుంది, డేటా మాత్రం చుక్క రాదు. అలాగే మామూలు సిమ్‌లో బాక్సుకి పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో దానికంటూ సొంత అడ్రస్) దొరకదు, ఆపరేటర్ ఒకే ఐపీ వెనక చాలామందిని పెడతాడు, కాబట్టి మీరు బయట్నుంచి బాక్సుని పిలవలేరు, బాక్సే సర్వర్‌ని పిలిచి లైన్ పట్టుకుని ఉండాలి, ఎంక్యూటీటీ అని చిన్న మెసేజ్‌లు పంపే పద్ధతి ఉంది, దాంతో ఆ పని హాయిగా అయిపోతుంది.

డేటా ఎంతవుతుందని భయపడకండి. నిమిషానికో 200 బైట్ల మెసేజ్ అనుకుంటే రోజుకి 1440 మెసేజ్‌లు, 288 కేబీ, నెలకి 9 ఎంబీ లోపే, మెసేజ్‌తో పాటు పోయే అదనపు డేటా కలిపినా 15 ఎంబీ దాటదు. మీ పాలకైతే ఐదు నిమిషాలకోటి చాలు, ఇంకా తగ్గుతుంది. కానీ ప్రతి మెసేజ్‌కీ కనెక్షన్ తెంచి మళ్ళీ సెక్యూర్‌గా కలిపేలా రాస్తే ఒక్కోసారికి 5 కేబీ దాకా పోయి అదే నెలకి 200 ఎంబీ దాటుతుంది, నా మొదటి ప్రోగ్రామర్ ఇదే చేశాడు, బిల్లు చూసి కళ్ళు తిరిగాయి.

సిగ్నల్ మాత్రం మీరే వెళ్ళి చూడాలి, ఆపరేటర్ మ్యాప్ నమ్మకండి. మోడెంకి ఏటీ+సీఎస్‌క్యూ (AT+CSQ, సిగ్నల్ ఎంతుందో అడిగే కమాండ్) అని కొడితే 0 నుంచి 31 లోపు ఒక అంకె ఇస్తుంది, 10 కంటే తక్కువొస్తే ఆ జాగాలో పెట్టకండి, 99 అంటే అసలు తెలీడం లేదని. మీ కేంద్రాల్లో శ్లాబు గది, ఇనప షట్టరు ఉంటాయి కదా, రాత్రి షట్టరు దించాక ఒకసారి చూడండి, పగలు 18 వచ్చింది రాత్రికి 8 అవుతుంది. యాంటెన్నా వైరు వేసి గది బయట పెట్టించండి. బాక్సులన్నీ ఒకే ఆపరేటర్ మీద పెట్టకండి, ఊరిని బట్టి ఏది బాగుంటే అది, నావి రెండు ఆపరేటర్ల మీద సగం సగం ఉన్నాయి. బస్సులు, టాక్సీల్లో ఏఐఎస్-140 ట్రాకర్లు (బండి ఎక్కడుందో చెప్పే ప్రభుత్వ ప్రమాణం డబ్బాలు) ఉంటాయి చూడండి, వాటిలో ఒకే ఈసిమ్‌లో (లోపలే అతికించి ఉండే సిమ్) రెండు ఆపరేటర్ల ప్రొఫైళ్ళు పెడతారు, మన బాక్సులకీ అలాంటివి దొరుకుతాయి కానీ 40కి అంత అవసరం లేదనే నా ఉద్దేశం.

ఇంత చేసినా నెట్‌వర్క్ పోతుంది. 2025 అక్టోబరు ఆఖర్లో మొంథా తుఫాను వచ్చినప్పుడు మా వైపు కరెంటు లేదు, కాసేపటికి టవర్ల బ్యాటరీలూ అయిపోయాయి, ఎం2ఎం లేదు ప్రీపెయిడ్ లేదు, అన్నీ పడుకున్నాయి. అప్పుడు పనికొచ్చింది బాక్సులోనే ఉన్న చిన్న బ్యాటరీ, సైరన్. ఆక్సిజన్ పడిపోతే, కరెంటు పోతే, సిమ్‌తో సంబంధం లేకుండా మకాం దగ్గర కూత పెడుతుంది, మనిషి లేచి జనరేటర్ వేస్తాడు. మీ కూలర్లకీ ఈ సైరన్ తప్పకుండా పెట్టించండి, పక్కింటివాళ్ళు తిట్టినా పర్లేదు. ఇంకా అలారం కాల్ బాక్సులోని సిమ్ నుంచి కాకుండా మీ సర్వర్ నుంచి వెళ్ళేలా చూసుకోండి, లేకపోతే కేంద్రంలో కుర్రాడు మారినప్పుడల్లా అనుమతించిన నంబర్ల లిస్టు మార్పించడానికి ఆపరేటర్ చుట్టూ తిరగాలి.

40కీ ఒకేసారి కొనకండి. సిగ్నల్ అధ్వాన్నంగా ఉండే మూడు ఊళ్ళు ఎంచుకుని వాటిలో ఎండాకాలం ఒక నెల నడపండి. ఆ మూడింటికి ప్రీపెయిడ్ అయినా ఫర్వాలేదు, గడువు తేదీలు మాత్రం ఒకే రోజుకి తెచ్చుకోండి. మీరు చూస్తున్న కంట్రోలర్ మోడల్ పేరు రాస్తే అందులో ఉన్నది 2జీ మాడ్యూలో 4జీ మాడ్యూలో చూసి చెప్తానండి.