పాస్‌పోర్టులు రెండూ ఆయన బ్యాగ్‌లోనే ఎందుకు?

ప్రశ్న: మాకు పెళ్లయి ఏడాదిన్నర. ఇద్దరం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఫిబ్రవరిలో రెండు వారాలు శ్రీలంక దక్షిణ తీరంలో బ్యాక్‌ప్యాకింగ్‌కి వెళ్లాం. హిక్కడువ, ఉనవటున, మిరిస్స, తంగల్ల, ఇలా రెండు మూడు రోజులకో ఊరు. ప్లాన్ అంతా మా వారిదే. మిరిస్సలో ఉండగా నాకు పీరియడ్స్ వచ్చి, ఇక్కడే ఇంకో రెండు రోజులు ఉందామంటే బుకింగ్ డబ్బులు పోతాయన్నారు. మాటామాటా పెరిగి నన్ను బీచ్‌లో వదిలేసి వెళ్లిపోయారు, మూడు గంటల పాటు రాలేదు. డబ్బులు, పాస్‌పోర్టులు, అక్కడ కొన్న సిమ్ అన్నీ ఆయన దగ్గరే. ఫొటోల్లో మాత్రం నవ్వుతూనే ఉన్నాం. ఇప్పుడు డిసెంబర్‌లో వియత్నాం తీరానికి అంటున్నారు. నాకు భయంగా ఉంది. అమ్మతో చెబితే 'మొగుడు దేశాలు తిప్పుతుంటే ఏడుస్తావేంటే' అంది. మా ఇద్దరికీ ఇక కుదరదా?

జవాబు: కుదరడం, కుదరకపోవడం కాసేపు పక్కన పెట్టండమ్మా. మీ ఉత్తరంలో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి చాలా జంటలకి జరిగేదే. రెండోది అలా వదిలేసేది కాదు.

మొదటిది తిరుగుడు గొడవ. ఇంట్లో మీరిద్దరూ రోజుకి ఎన్ని గంటలు కలిసి ఉంటారో చూసుకోండి. ఆఫీసు, ట్రాఫిక్, ఎవరి ఫోన్ వాళ్లది, ఆదివారం వస్తే ఎవరో ఒక చుట్టం. అలాంటిది ఒక్కసారిగా పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఒకే చిన్న గదిలో, ఉక్కపోతలో, తడి బట్టలు ఆరక, పక్క మీదంతా ఇసుక, అలిగితే సర్దిచెప్పడానికి మూడో మనిషి లేకుండా ఉండాలి. పోట్లాడుకోకుండా తిరిగొచ్చామని రాసి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

పైగా ఆ ప్లాన్ ఏంటో నాకు అర్థం కాలేదు. హిక్కడువ నుంచి తంగల్ల దాకా మొత్తం కలిపి వంద కిలోమీటర్లు అటూ ఇటూ, మనకి హైదరాబాద్ నుంచి వరంగల్ అంత దూరం కూడా లేదు. అన్నీ వరసగా ఒకే రోడ్డు మీద ఉన్న ఊళ్లు, బస్సులు తిరుగుతూనే ఉంటాయి, గాలె మీదుగా మాతర వరకు సముద్రం పక్కనుంచే రైలు. వెలిగమలోనో మిరిస్సలోనో ఒక గెస్ట్‌హౌస్‌లో వారం ఉండి, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. మాటిమాటికీ బ్యాగ్ సర్దడం, చెక్‌అవుట్ టైమ్‌కి పరుగులు, టుక్‌టుక్ (అక్కడి ఆటో) వాళ్లతో బేరాలు మామూలు మనిషికే విసుగు, కడుపునొప్పితో ఉన్నవాళ్లకి ఇక చెప్పాలా! తన ప్లాన్ పాడవుతోందని ఆయన, నా నొప్పి ఎవరికీ పట్టలేదని మీరు, మధ్యలో పేరు మాత్రం బుకింగ్ డబ్బులది.

ఒక మాట మీకూ చెప్పాలి. ప్లాన్ అంతా ఆయనదే అని రాశారు, ఆయన చేస్తుంటే మీరు చూసి తలూపారు కదా. ఈసారి కూర్చుని మీరూ చూడండి. డిసెంబర్ అంటున్నారు, వియత్నాంలో హోయ్ ఆన్, న్యా ట్రాంగ్ ఊళ్ల వైపు ఏడాది చివర్లో వానలు పడతాయి, దక్షిణాన ఫూ క్వోక్ దీవి అయితే అప్పటికి పొడిగా ఉంటుంది. రోజుల్లో సగం మీరు ప్లాన్ చేస్తానని చెప్పండి, మీ సగంలో ఊరు మారడం ఉండదనీ చెప్పండి. రోజూ కొన్ని గంటలు ఎవరి దారి వాళ్లది అనుకుంటే ఇంకా మంచిది. మొన్నటి మిరిస్సనే తీసుకోండి, అక్కడ తిమింగలాలు చూపించే పడవలు తెల్లవారుతూనే వెళ్లి మధ్యాహ్నంలోపు వచ్చేస్తాయి, ఆయనకి సరదా ఉంటే ఆయన వెళ్తారు, మీరు హాయిగా నిద్రపోతారు, దానికి ఎవరూ అలగక్కర్లేదు.

ఇక రెండోది. కోపమొచ్చి కాసేపు దూరంగా వెళ్లడం తప్పు కాదు. కానీ భాష రాని దేశంలో, చేతిలో రూపాయి, పాస్‌పోర్టు, నెట్ ఏమీ లేని మనిషిని వదిలేసి వెళ్లడం వేరు. 2024 నుంచి శ్రీలంకలో మన యూపీఐ పనిచేస్తోంది, నిజమే, నెట్ లేని ఫోన్‌తో అదేం లాభం? చాలా టుక్‌టుక్‌లకి ఎలాగూ నోట్లే ఇవ్వాలి. మీ భయం అక్కడిది, దాన్ని చాదస్తం అనుకోకండి.

ఇద్దరూ మంచి మూడ్‌లో ఉన్నప్పుడు, కడుపునిండా తిన్నాక, ఆ మూడు గంటల గురించి మాత్రమే మాట్లాడండి. 'మీరెప్పుడూ ఇంతే' అని మొదలుపెట్టకండి. 'ఆ రోజు నా దగ్గర ఏమీ లేదు, చాలా భయపడ్డాను, ఇకమీదట నా పాస్‌పోర్టు, కార్డు, సిమ్, కొంత నగదు నా దగ్గరే ఉంటాయి, ఎవరికి కోపమొచ్చినా ఎక్కడికి వెళ్తున్నారో ఎప్పుడొస్తారో చెప్పి వెళ్లాలి' అనండి, అంతే. 'అయ్యో, నాకు తట్టనే లేదు' అని ఆయన కంగారుపడితే పెద్దగా టెన్షన్ అక్కర్లేదు, కొత్త కాపురంలో ఇలాంటివి నేర్చుకుంటారు. అలా కాకుండా 'నువ్వే రెచ్చగొట్టావు' అంటే, లేదా ఇంట్లో కూడా మీ జీతం, మీ ఏటీఎం కార్డు, మీ ఫోన్ పాస్‌వర్డ్ ఆయన చేతిలోనే ఉంటే, అప్పుడు వియత్నాం కంటే ముందు ఫ్యామిలీ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలి. ఆయన రానంటే మీరొక్కరే వెళ్లండి. ఎప్పుడైనా మరీ భయమేస్తే మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది.

అమ్మకి మీరు ఏం చెప్పారో నాకు అనుమానమే. ట్రిప్పులో గొడవైంది అని ఊరుకుని ఉంటారు. ఆ మూడు గంటల సంగతి చెప్పి చూడండి, వేరేలా మాట్లాడతారు.

టికెట్లు ఈ మాట తేలేదాకా ఆపమనండి. వియత్నాం వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది కాబట్టి, వెళ్దామనుకుంటే మీది మీరే అప్లై చేసుకోండి.