పట్టుపురుగుల చదువు, నాన్నగారి టెన్షన్

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక నాన్నగారు రాశారు. సొంతూరు హిందూపురం దగ్గర. అమ్మాయి జువాలజీతో బీఎస్సీ అయిపోయింది, ఇప్పుడు సెరికల్చర్‌లో, అంటే పట్టుపురుగుల పెంపకంలో ఎమ్మెస్సీ చేస్తానంటోంది, పట్టుపురుగు తిండిలోని కొవ్వుల మీద ప్రాజెక్టు చేస్తుందట. "పురుగులకు నూనె పెట్టడం కూడా ఒక చదువేనా మేడమ్, డేటా సైన్స్ కోర్సులో చేర్పించనా?" అని ప్రశ్న.

సర్, మీ మెయిల్లో జీతం మాట ఒక్కసారే వచ్చింది, "బంధువులకు ఏం చెప్పాలి" అన్నది మూడుసార్లు వచ్చింది. కాబట్టి ముందు ఆ చదువేంటో చెప్తాను. పట్టుపురుగు దాదాపు 25 రోజులు మల్బరీ ఆకు తిని గూడు కడుతుంది. చిలుకయ్యాక ఇక ఏమీ తినదు, అయినా ఆడచిలుక 400, 500 గుడ్లు పెడుతుంది. ఆ బలమంతా పురుగుగా ఉన్నప్పుడు ఒంట్లో దాచుకున్నదే. లినోలెయిక్, లినోలెనిక్ అనే కొవ్వు ఆమ్లాలు దానంతట అది తయారు చేసుకోలేదు, అవి తిండిలో లేకపోతే ఎదుగుదల మందగిస్తుంది, చిలుక గూట్లోంచి సరిగ్గా బయటికి రాలేదు. కొలెస్ట్రాల్ కూడా అంతే, ఆకులోని స్టెరాల్ అనే కొవ్వులాంటి పదార్థం నుంచి చేసుకోవాల్సిందే, కుబుసం విడిచే హార్మోను దాంతోనే తయారవుతుంది. ఆ హార్మోనును 1954లో మొదటిసారి వేరు చేసింది పట్టుపురుగు ప్యూపాల (గూట్లో పురుగు చిలుకగా మారే దశ) నుంచే. అలాగని నూనె ఎక్కువైతే మేలని కాదు, ఎంత, ఏ దశలో అన్నదే మీ అమ్మాయి ప్రశ్న. రైతులు పెంచుకోడానికి విత్తన గుడ్లు తయారుచేసే వాళ్లకు ఆ జవాబు అవసరం.

ఇక డేటా సైన్స్. ఆ సబ్జెక్టు మంచిదే, నా అనుమానమంతా ఆరునెలల కోర్సుల మీద. పోయిన నెల ఒక అబ్బాయి ల్యాప్‌టాప్ తెరిచి ఏడు సర్టిఫికెట్లు చూపించాడు. సగటుకీ మధ్యగతానికీ తేడా ఏంటి బాబూ అంటే తల దించుకున్నాడు, వాళ్లమ్మ ఇంకా ఫీజు ఈఎంఐలు కడుతోంది. లెక్కల మీద ఇష్టం లేని పిల్లని, పక్కింటివాళ్లు చేరారని చేర్పిస్తే జరిగేది ఇదే. కోపం తెచ్చుకోకండి, మీరు చేయబోతున్నదీ అదే.

సెరికల్చర్‌లో ప్రభుత్వ పోస్టులు ఏటా పడతాయని నేను చెప్పను. అందుకే అమ్మాయిని బయోకెమిస్ట్రీ గట్టిగా చదవమనండి, ప్రాజెక్టు లెక్కలు తనే ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో చేసుకోమనండి, అప్పుడు ల్యాబుల్లోనూ విత్తన కేంద్రాల్లోనూ, కావాలంటే డేటా వైపు కూడా దారి ఉంటుంది. సెంట్రల్ సిల్క్ బోర్డు ఆఫీసు మీ బెంగళూరులోనే ఉంది, రోజూ సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌ని తిట్టుకుంటాం గానీ లోపల ఏం పని జరుగుతుందో ఎప్పుడూ అడగం.

మీ నాన్నగారు గూళ్లు అమ్మి మీ ఇంజినీరింగ్ ఫీజు కట్టారని మీరే రాశారు. ఒకరోజు పొద్దున్నే అమ్మాయిని తీసుకుని రామనగర గూళ్ల మార్కెట్‌కి వెళ్లండి. చిన్నప్పుడు మీ ఇంట్లో పురుగులు ఎలా పెంచేవాళ్లో దారిలో తనకి చెప్పండి, ఎమ్మెస్సీ అప్లికేషన్‌కి చివరి తేదీ ఎప్పుడో కూడా అడగండి.