ముహూర్తం కోసం ముందే ఆపరేషన్ చేయించుకోవాలా?

మాది తిరుపతి కొర్లగుంట. తొలి కాన్పు, 36వ వారం. బీపీ, షుగరు లేవు. బిడ్డ తల కిందికే ఉంది, నార్మల్ కావచ్చని డాక్టరమ్మ అంది. అత్తమ్మ మాత్రం పంచాంగం చూపించుకొచ్చి, వచ్చే గురువారం మంచి నక్షత్రం, ఆపరేషన్ చేయించేద్దాం అంటోంది. ఆయన నోరు మెదపడు. నాకూ నొప్పులంటే భయమే. ఒప్పేసుకోనా?
– ఒక సోదరి

అమ్మా, వచ్చే గురువారానికి మాత్రం ఒప్పుకోవద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. అప్పటికి మీకు 37 వారాలే. నొప్పులు మొదలైతేనే బిడ్డ ఊపిరితిత్తుల్లో ఉన్న నీరు బాగా ఇంకుతుంది. నొప్పులు రాకుండా, 39 వారాలు నిండకుండా తీస్తే కొందరు పిల్లలు పుట్టగానే ఆయాసపడతారు. మీ పక్కలో ఉండాల్సిన బిడ్డను ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి గాజు పెట్టెలో ఉంచాల్సి రావచ్చు. చాలామంది త్వరగానే తేరుకుంటారు. అయినా అవసరం లేని కష్టం ఆ పసిగుడ్డుకెందుకు?

ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నారా? మీరు రాయలేదు గానీ, నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. పైన కుట్లు మానినా గర్భసంచి మీద మచ్చ ఉండిపోతుంది. తర్వాతి కాన్పులో మాయ ఆ మచ్చకు అతుక్కుంటే రక్తం విపరీతంగా పోతుంది, ఒక్కోసారి గర్భసంచే తీసేయాల్సి వస్తుంది. అరుదే, కానీ ఆపరేషన్లు పెరిగేకొద్దీ ఆ ముప్పు పెరుగుతుంది. అందరూ చేయించుకుంటున్నారుగా అంటారు. నిజమే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లు. వాళ్లలో ఎందరికి అవసరమై చేశారో ఆ లెక్క చెప్పదు.

ఆపరేషన్‌తో మేలే లేదనను. కింద చిరగడం ఉండదు, తర్వాత దగ్గినా తుమ్మినా మూత్రం పడే ఇబ్బంది కొంత తక్కువ. ఒక్క బిడ్డ చాలనుకునే తల్లి అన్నీ తెలుసుకుని, 39 వారాలు నిండాక కోరుకుంటే నేను తప్పుపట్టను.

మీ భయం చిన్నదేమీ కాదు. నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ ఉంది. మీ ఆస్పత్రిలో ఇస్తారా, రాత్రిపూట కూడా మత్తు డాక్టర్ ఉంటారా అని వచ్చే చెకప్‌లోనే అడగండి. ఆ రోజు మీ ఆయననూ అత్తమ్మనూ వెంట తీసుకెళ్లండి. 37 వారాల మాట డాక్టరమ్మ నోటే వాళ్లు వినాలి. అత్తమ్మ కోరేదీ బిడ్డ మేలే, కాబట్టి వింటారు. ఇంటికొచ్చాక 'ఇప్పుడే వద్దమ్మా' అనాల్సింది మీ ఆయన. ఈ మాట ఈ రాత్రే ఆయనతో చెప్పండి.

ఈలోగా ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా ఏ ఘడియా చూడకుండా ఆస్పత్రికి వెళ్లండి. అప్పుడు ఆపరేషన్ తప్పదని డాక్టర్ అంటే వెనకాడకండి.