బొలాంజే షాంపేన్‌లో వేయించిన అక్రోట్ వాసన వస్తోంది, సీసా పాడైందా?

పాడవలేదండి, దయచేసి పారబోయకండి. బొలాంజే వాళ్ల స్పెషల్ క్యూవే అనే షాంపేన్ తెరిస్తే బాగా మగ్గిన యాపిల్, వేయించిన అక్రోట్ వాసన వచ్చిందని, ఇన్నాళ్లూ తాగిన ప్రొసెక్కో అనే ఇటలీ బుడగల వైన్‌లో ఇది ఎప్పుడూ లేదని రాశారు. ఆ వాసన కోసమే వాళ్లు అన్ని తంటాలు పడతారు మరి.

నేను మీకంటే ఘోరం. ఫ్రాన్స్‌లోని రాంస్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఒకసారి దుకాణానికెళ్లి "బాలింజర్" అని అడిగితే, అక్కడి పెద్దాయన "బొలాంజే" అని సరిదిద్ది మరీ చేతికిచ్చాడు. ఇంటికి తెచ్చి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పళ్లు జివ్వుమనేంత చల్లగా సన్నటి పొడుగు గ్లాసులో పోసుకుంటే పులుపూ బుడగలూ తప్ప ఏమీ తెలియలేదు. గంట తర్వాత గ్లాసు అడుగున మిగిలిన దాంట్లోంచి మీరు చెప్పిన వాసనే లేచింది, గాలి తగిలి చెడిపోయిందనుకుని సీసాలో ఉన్నదంతా సింకులో పోసేశాను! మర్నాడు పెద్దాయనకి చెబితే తల పట్టుకున్నాడు. ఆ తర్వాతే ఈ కంపెనీ పద్ధతి ఏంటో కుదురుగా తెలుసుకున్నా.

ఈ కంపెనీ 1829 నుంచి ఆయీ అనే ఊళ్లో ఉంది, ఫ్రాన్స్‌లో షాంపేన్ ప్రాంతంలోని ఎపెర్నే పట్టణానికి పక్కనే. ఆ ఊరు పినో నువార్ అనే నల్ల ద్రాక్షకి పేరు. స్పెషల్ క్యూవేలో అదే 60 శాతం, షార్డొనే అనే తెల్ల ద్రాక్ష 25, మెనియే అనే మరో నల్ల ద్రాక్ష 15. ఒంటికి బరువున్న షాంపేన్ అనిపించడానికి మొదటి కారణం ఇదే. రెండోది పీపాలు. చాలామంది స్టీలు ట్యాంకులకి మారిపోయినా వీళ్లు కొంత వైన్‌ని ఇప్పటికీ పాత ఓక్ పీపాల్లోనే పులియబెడతారు, వాటిని బాగుచేయడానికి సొంత పనివాళ్లు కూడా ఉన్నారు. పాతవి కాబట్టి చెక్క రుచి దిగదు, సందుల్లోంచి గాలి మాత్రం కొద్దికొద్దిగా తగులుతుంది. అలా చిన్నప్పుడే గాలికి అలవాటు పడిన వైన్ తర్వాత తొందరగా చెడదు.

అసలు విచిత్రం మాత్రం నేలమాళిగలో ఉంది. కొత్త వైన్‌లో కలపడానికి పాత ఏళ్ల వైన్ దాచుకోవడం అందరూ చేసేదే, మామూలుగా ట్యాంకుల్లో. వీళ్లు ఒకటిన్నర లీటర్ల మాగ్నమ్ సీసాల్లో, సన్నగా బుడగ పుట్టేలా కాస్త చక్కెరా ఈస్టూ వేసి, బెరడు బిరడా బిగించి అయిదు నుంచి పదిహేనేళ్లు ఉంచుతారు. అలాంటివి ఏడు లక్షలకి పైనే ఉన్నాయి. కలిపే రోజున ఒక్కొక్కటీ తెరిచి చూడాలి, ఎంత పనో ఊహించుకోండి. మీ ముక్కుకి తగిలిన అక్రోట్‌లో చాలా వాటా ఈ మాగ్నమ్‌లదే. కలిపాక సీసా అడుగున చేరిన ఈస్ట్ మడ్డి మీద మరో మూడేళ్లు ఉంచుతారు, షాంపేన్ నిబంధన ఈస్ట్ మీద అడిగేది పన్నెండు నెలలే. ప్రొసెక్కో ఎక్కువగా పెద్ద ట్యాంకుల్లో కొద్ది నెలల్లో తయారై తాజా పండు వాసనతో వస్తుంది, అందుకే మీకు అంత తేడా. జేమ్స్ బాండ్ సినిమాల్లో ఈ షాంపేన్ తాగడం వల్ల ధర పెరిగిందనేవాళ్లని పట్టించుకోకండి, ఈ చాకిరీకే అవుతుంది ఖర్చు.

నిజంగా పాడైతే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, లేదా రంగు గోధుమకి తిరిగి బుడగలు చచ్చిపోతాయి. ఆ రెండూ లేవంటే నిశ్చింతగా తాగండి.

ఈసారి ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు బయట ఉంచి, మామూలు వైన్ గ్లాసులో పోసుకోండి. ఉప్పు చల్లిన వేయించిన జీడిపప్పు, కారం తగ్గించిన కోడి వేపుడు బాగా కుదురుతాయి. నేను ఒకసారి గుంటూరు కారంతో చేసిన వేపుడుతో తాగాను, బుడగలకి ఆ మంట రెట్టింపై కళ్లల్లో నీళ్లు తిరిగాయి, వైన్ రుచి దేవుడికెరుక. మిగిలిన సగం సీసాకి షాంపేన్ మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టేయండి, రేపటికి బుడగ కాస్త తగ్గినా ఆ అక్రోట్ వాసన ఇంకా బాగుంటుంది.