ముల్లు నాలుగు వేలు దాటితే భయపడకు

చిన్నోడా,

మొన్న మార్కాపురం నుంచి దోర్నాల వెళ్తుంటే లారీ దగ్గర నువ్వు చేసిన పని నాకింకా కళ్ళ ముందే ఉంది. నాలుగో గేర్‌లో అరవైలో వెళ్తూ యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కావు, బండి మూలిగింది గానీ లాగలేదు, సగం లారీ దాటేసరికి ఎదురుగా బస్సు, మళ్ళీ బ్రేక్ కొట్టి వెనక్కి తగ్గావు. పైగా "ఈ పెట్రోల్ బండికి పికప్ లేదు పెదనాన్నా" అన్నావు. వెనక సీట్లో మీ పెద్దమ్మ ఉందని అప్పుడు నోరు మూసుకున్నా. పికప్ ఉందిరా, నువ్వే దాన్ని పైకి రానివ్వట్లేదు.

నీ తప్పు కూడా పూర్తిగా కాదులే. నువ్వు నడపడం నేర్చుకున్నది మీ నాన్న పాత స్విఫ్ట్ డీజిల్ మీద. ఆ 1.3 ఇంజిన్‌కి 190 న్యూటన్ మీటర్ల టార్క్ 2000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు, నీ ముందు మీటర్‌లో ముల్లు చూపించేది అదే) దగ్గరే వచ్చేస్తుంది, టర్బో గాలిని బలంగా ఇంజిన్‌లోకి తోస్తుంది కాబట్టి గేర్ మార్చకపోయినా కాలు నొక్కితే చాలు. 4000 దగ్గర 75 గుర్రాలు (హార్స్‌పవర్) ఇచ్చి దాని పని అయిపోతుంది, ఆ పైన ఉత్త అరుపే. ఇప్పుడు నీ చేతిలో ఉన్నది 1.2 పెట్రోల్, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. దీని టార్క్ 113, అదీ 4400కి పోతేనే. 90 గుర్రాలు కావాలంటే 6000 దాకా పోవాలి. నువ్వేమో 2500 రాగానే పై గేర్‌లో వేసేస్తావు.

టార్క్, పవర్ ఒకటే అనుకుంటున్నావు కదా. రోకలితో దంచడం గుర్తు తెచ్చుకో. ఒక్క పోటు ఎంత గట్టిగా పడిందన్నది టార్క్, గంటలో ఎంత దంచావన్నది పవర్. పోటు కాస్త తగ్గినా చకచకా వేస్తే ఎక్కువే దంచుతావు. లెక్క కావాలంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగించు, కిలోవాట్లు వస్తాయి, దాన్ని 1.36తో గుణిస్తే గుర్రాలు. 4400 దగ్గర 113 టార్క్‌కి దాదాపు 71 గుర్రాలు. 6000 దగ్గర 90 గుర్రాలంటే అక్కడ టార్క్ 105 చిల్లరకు పడిపోయిందన్నమాట, అయినా పవర్ పెరిగింది. ముల్లు పైకి పోయేకొద్దీ ఇంజిన్ ఏడుస్తోందనుకుని నువ్వు వదిలేసేది సరిగ్గా ఆ 19 గుర్రాలు వచ్చే చోటే!

మరి టార్క్ ఎందుకు పడుతుందంటావా? 6000 అంటే సెకనుకు వంద చుట్లు. పిస్టన్ కిందికి దిగుతూ గాలి పీల్చుకోడానికి దొరికేది సెకనులో రెండొందలో వంతు. అంతలో సిలిండర్ నిండా గాలి పట్టదు, పైగా రాపిడి పెరుగుతుంది. 6000 దాటాక పోటు మరీ బలహీనమై ఎంత వేగంగా తిప్పినా లాభం ఉండదు, పవర్ కూడా దిగుతుంది. అందుకే రెడ్ లైన్ దాకా, అంటే మీటర్‌లో ఎర్ర గీత దాకా, పిండడం కూడా తెలివి కాదు.

ఇక ఆ లారీ సంగతి. అరవైలో నాలుగో గేర్ అంటే ముల్లు రెండు వేల పైచిలుకులో ఉంటుంది, అక్కడ నువ్వు నేల దాకా తొక్కినా నలభై గుర్రాలు కూడా రావు. అదే వేగంలో రెండో గేర్ అయితే నాలుగు వేలు దాటి ఉంటుంది, డెబ్భై దాకా వస్తాయి. లారీ వెనక ఉండగానే, ఇంకా పక్కకి తీయకముందే గేర్ దించు, దారి ఖాళీ అయ్యాక తొక్కు. ఆరు వేల దాకా పోనివ్వు. రెండులో 6000 దగ్గర మూడుకి మారిస్తే ముల్లు 4000 దగ్గర పడుతుంది, అది మంచి చోటు. 4500కే మార్చావంటే 3000కి పడి మళ్ళీ మూలుగుడే. లారీ పక్కన ఉండగా గేర్ వెతుక్కోవడం మాత్రం వద్దు.

ఒక్కదానికి మాత్రం నిజంగా భయపడు. మూడులో 6000 మీద ఉండి నాలుగుకి వేయబోయి తొందరలో రెండులో పడేశావనుకో, క్లచ్ వదలగానే చక్రాలే ఇంజిన్‌ని దాదాపు 9000 దాకా తిప్పేస్తాయి. ఇంజిన్ మరీ వేగంగా తిరక్కుండా చూసే లిమిటర్ పెట్రోల్ ఆపగలదు గానీ చక్రాలని ఆపలేదు. సిలిండర్‌కి తలుపుల్లాంటి వాల్వ్‌లు మూసుకునేలోపే పిస్టన్ వచ్చి గుద్దుతుంది. కుర్రతనంలో నేనొక స్నేహితుడి బండితో ఈ ఘనకార్యం చేసి ఇంజిన్ పైభాగం, అదే హెడ్డు, దింపించా, మూడు వాల్వ్‌లు వంగాయి, రెండు నెలల జీతం పోయింది. ఆ స్నేహితుడు ఇప్పటికీ నాకు తాళం ఇవ్వడు.

పొద్దున స్టార్ట్ చేయగానే రేస్ చేయకు, ఆయిల్ వేడెక్కడానికి పది నిమిషాలు పడుతుంది. నెలకోసారి డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంతుందో చూసుకో.

ఆదివారం పొద్దున్నే రా, ట్రాఫిక్ లేని చోట నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుని ముల్లు చూస్తా. మీ నాన్నకి మాత్రం చెప్పకు, మైలేజీ లెక్కలు తీస్తాడు.

— పెదనాన్న