సాఫ్ట్‌వేర్ కొనకముందు రెండు రోజులు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

ఆఫీసులో కాగితాలన్నీ సిస్టమ్‌లోకి ఎక్కించి, అప్రూవల్స్ అందులోనే నడిపించే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. టెన్షన్ పడుతున్నావట. నా ఉద్యోగమంతా ఈ పనిలోనే గడిచింది కాబట్టి రాస్తున్నా.

డెమోలు చూడటం ఇప్పుడే మొదలుపెట్టకు. అకౌంట్స్‌లో బిల్లులు చూసే వాళ్ల పక్కన కుర్చీ వేసుకుని రెండు రోజులు కూర్చో. రూల్స్ కాగితంలో ఐదు మెట్లు ఉంటే అక్కడ పదకొండు కనబడతాయి. ఆర్డర్ లేకుండా బిల్లు వస్తే ఎవరికి ఫోన్ చేస్తున్నారు? వంద ఆర్డర్ చేస్తే తొంభై ఎనిమిదే వచ్చినప్పుడు ఏం చేస్తున్నారు? ఒకే బిల్లు మెయిల్లో ఒకసారి, కాగితంగా ఒకసారి వస్తే ఎలా పట్టుకుంటున్నారు? అన్నీ రాసుకో. తిన్నగా నడిచే బిల్లును ఏ సాఫ్ట్‌వేరైనా నడుపుతుంది. మన ప్రాణం తీసేవి ఈ తేడా కేసులే.

పని ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు వెళ్తుందో చూపే ఫ్లో గీయడానికి బీపీఎంఎన్ అని అందరూ ఒకేలా వాడే గుర్తులున్నాయి. 2011లో వచ్చిన రెండో వెర్షన్‌నే ఇప్పటికీ వాడుతున్నారు. అందులో నాలుగైదు గుర్తులు చాలు. నీ బొమ్మ చూసి అకౌంట్స్ ఆవిడ "ఇక్కడ ఇలా జరగదు" అనగలగాలి, అంతే.

నేను మొదట కట్టిన ఫ్లోలో పెద్ద బిల్లులన్నీ ఒక ఆఫీసర్ పేరు మీద పెట్టాను. ఆయన నెల రోజులు సెలవులో వెళ్లారు. బిల్లులు ఆయన ఇన్‌బాక్సులోనే పడుకున్నాయి. సరుకు ఇచ్చినవాళ్లు గొడవ చేసేదాకా ఎవరికీ తెలియలేదు. నువ్వు ఏ మెట్టునూ మనిషి పేరుకు కట్టకు, హోదాకు కట్టు. సెలవులో బదులు ఎవరో ముందే రాసిపెట్టు. మూడు రోజులు ఎవరూ ముట్టుకోకపోతే పైవాళ్లకు దానంతట అదే వెళ్లాలి.

స్కానింగ్ 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) తగ్గనివ్వకు. తగ్గితే ఓసీఆర్, అంటే స్కాన్ బొమ్మలోని అక్షరాలు చదివే ప్రోగ్రాం, 8ని 3గా చదివేయొచ్చు. అంకె మీద రబ్బరు స్టాంపు పడితే ఇక చెప్పేదేముంది! "99 శాతం కరెక్టుగా చదువుతుంది" అని అమ్మేవాళ్లు అంటారు. అక్షరాల లెక్కా, బిల్లుల లెక్కా అని అడుగు. అక్షరాల లెక్కయితే, వంద అక్షరాలు చదవాల్సిన బిల్లులో సగటున ఒకటి తప్పే. అది బ్యాంకు ఖాతా నంబర్లో పడిందనుకో? అందుకే మెషిన్ ఎంత నమ్మకంగా చెప్పినా ఖాతా నంబరు, మొత్తం, ఈ రెండూ మనిషి కంటితో చూడాల్సిందే.

ప్రతి డాక్యుమెంటుకూ ఇరవై గడులు నింపమనకు. జనం చుక్కలు పెట్టి సేవ్ చేస్తారు, నేను చూశాను. రకం, తేదీ, పార్టీ, నంబరు చాలు.

ఇక బాట్ల సంగతి, అంటే మనిషి బదులు స్క్రీన్ మీద బటన్లు నొక్కే ప్రోగ్రాములు. స్క్రీన్ మీద బటన్ ఒక అంగుళం జరిగినా కొన్ని బాట్లు చతికిలబడతాయి. అవతలి సిస్టమ్‌కు ఏపీఐ, అంటే స్క్రీన్‌తో పని లేకుండా రెండు సిస్టమ్‌లు నేరుగా మాట్లాడుకునే దారి, ఉంటే దాన్నే వాడు. బాట్‌కు సొంత లాగిన్ ఇప్పించు. ఎవరి పాస్‌వర్డ్‌తోనో నడిపితే, వాళ్లు ఉద్యోగం మానేసిన రోజు అదీ ఆగుతుంది.

కొనేముందు, వదిలేసి వెళ్లే దారి కూడా అడుగు. డాక్యుమెంట్లు దాచే సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ, 1990లో పుట్టిన డాక్యుమెంటమ్‌ను 2003లో ఈఎంసీ అనే కంపెనీ కొంది, 2016లో ఈఎంసీని డెల్ కొంది, 2017లో డాక్యుమెంటమ్ ఓపెన్‌టెక్స్ట్ అనే ఇంకో కంపెనీ చేతికి పోయింది. యజమాని మారితే ధరలూ, సపోర్టూ మారొచ్చు. అందుకని ట్రయల్లోనే వెయ్యి డాక్యుమెంట్లు బయటికి తీయించి చూడు. ఫైళ్లొక్కటే వస్తే లాభం లేదు. పాత వెర్షన్లు, ఎవరు ఎప్పుడు అప్రూవ్ చేశారన్న చరిత్ర కూడా రావాలి. ఏళ్లతరబడి దాచాల్సినవి పీడీఎఫ్/ఏ రూపంలో (దీర్ఘకాలం దాచడానికే చేసిన పీడీఎఫ్) ఉంచు, 2005 నుంచి ఐఎస్ఓ ప్రమాణం ఉంది దానికి.

ఏది ఎన్నేళ్లు దాచాలో మీ లీగల్ వాళ్లనే అడిగి రాయించుకో, నువ్వు ఊహించకు.

ఆ తేడా కేసుల జాబితా తయారయ్యాక నాకు పంపు. ముప్పైకి తక్కువుంటే మళ్లీ వెళ్లి కూర్చోమంటాను.

మామయ్య