దొంగిలించిన చిత్రం ఎవరి సొత్తు? నవల రాస్తున్న పాఠకురాలి సందేహం

ప్రశ్న: నేనొక అపరాధ పరిశోధన నవల రాస్తున్నాను. 1987లో ఒక పాత దివాణంలో రాజా రవివర్మ గీసిన తైలవర్ణ చిత్రం మాయమవుతుంది. పోలీసు కేసు తేలకుండానే మూతపడుతుంది. 2024లో ఆ ఇంటి మనుమరాలు ఎవరిదో పెళ్లి ఫోటోలో, పెళ్లికూతురి వెనక గోడ మీద అదే చిత్రాన్ని చూస్తుంది. అది హైదరాబాదులో ఒక వ్యాపారి ఇల్లు. 1998లో వేలంలో నాలుగు లక్షలకు కొన్నానని ఆయన రశీదు చూపిస్తాడు. ముప్పై ఏడేళ్లు గడిచాయి కాబట్టి చట్టం ఏమీ చేయలేదని, మనుమరాలు వట్టి చేతులతో తిరిగి వస్తుందని ముగింపు అనుకున్నాను. అసలు దొంగ ఆమె చిన్నతాతయ్య. పదవీ విరమణ చేసిన ఒక హెడ్మాస్టరు అందరినీ హాల్లో కూర్చోబెట్టి, సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఎదుట ఆయన చేత నేరం ఒప్పిస్తారు. ఇందులో చట్టపరమైన తప్పులున్నాయా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఉన్నాయమ్మా. రెండు పెద్ద తప్పులున్నాయి. మొదటిది మీ ముగింపులోనే ఉంది. ‘చాలా ఏళ్లయింది, ఇక మనది కాదు’ అని నమ్మి పోయిన సొత్తు మీద ఆశ వదులుకున్న కుటుంబాలను నా వృత్తిలో చూశాను. మీ నవల ఆ నమ్మకాన్ని ఇంకో వెయ్యి మందికి చేరవేయకూడదన్న కోరికతో కాస్త వివరంగా రాస్తున్నాను.

వస్తువుల అమ్మకం చట్టం, 1930లోని 27వ సెక్షన్ చెప్పేది సూటిగా ఉంటుంది. అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు. దొంగకు హక్కు లేదు. దొంగ దగ్గర కొన్నవాడికీ లేదు, అతని దగ్గర కొన్నవాడికీ లేదు. వేలంలో కొన్నా, రశీదు ఉన్నా, పూర్తి ధర చెల్లించినా ఇది మారదు. ఇంగ్లండులో కొన్ని బహిరంగ సంతల్లో పట్టపగలు కొన్న వస్తువుకు ప్రత్యేక రక్షణ ఇచ్చే పాత నియమం 1990ల దాకా ఉండేది. మన చట్టంలో అటువంటిది లేదు. మీ వ్యాపారి రశీదు ఆయన డబ్బు ఇచ్చాడని చెబుతుంది. చిత్రం ఆయనదని చెప్పదు.

మరి కాలపరిమితి మాట? లిమిటేషన్ చట్టం, 1963లోని 68వ ఆర్టికల్ ప్రకారం, దొంగతనంలో పోయిన నిర్దిష్ట వస్తువును తిరిగి రాబట్టుకోవడానికి మూడేళ్ల గడువు ఉంది. ఆ మూడేళ్లను దొంగతనం జరిగిన రోజు నుంచి లెక్కపెట్టరు. వస్తువు ఎవరి స్వాధీనంలో ఉందో హక్కుదారుకు మొదటిసారి తెలిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. మీ కథలో 1987 నుంచి 2024 దాకా ఆ గడియారం తిరగనేలేదు. ఫోటోలోని ఇల్లు ఎవరిదో మనుమరాలు తెలుసుకున్న రోజున అది కదిలింది. ఆమె దావా వేయవచ్చు. వెల కట్టడం కష్టమైన, మరొకటి దొరకని వస్తువు విషయంలో నష్టపరిహారంతో సరిపెట్టకుండా ఆ వస్తువునే అప్పగించమని నిర్దిష్ట ఉపశమన చట్టం 8వ సెక్షన్ కింద కోర్టు ఆదేశించగలదు. అందుకు రవివర్మ చిత్రం కంటే తగిన ఉదాహరణ దొరకదు. దావాతోపాటే, తీర్పు వచ్చేదాకా చిత్రాన్ని అమ్మకుండా, కదల్చకుండా తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు కూడా అడగాలి.

మనుమరాలు ఓడిపోవాలనే మీరు కోరుకుంటే చట్టం ఇంకో దారి చూపిస్తుంది. అది మీరు అనుకున్నదానికంటే బరువైనది. చిత్రం నాయనమ్మకు పుట్టింటివారు పెళ్లికి ఇచ్చినదనుకోండి. 2003లో ఆవిడ ఏదో శుభకార్యానికి ఆ వ్యాపారి ఇంటికి వెళ్లి, గోడ మీద దాన్ని చూసి గుర్తుపట్టింది. పోలీసుల దగ్గరకు వెళితే మరిది జైలుకు వెళతాడు, ఇంటి పరువు పోతుంది. నోరు మెదపకుండా భోజనం చేసి తిరిగి వచ్చింది. అప్పుడు గడువు 2003లో మొదలై 2006తో ముగిసింది. లిమిటేషన్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, గడువు తీరిపోయాక దావా వేసే వీలుతోపాటు ఆ ఆస్తి మీద హక్కే అంతరిస్తుంది. నాయనమ్మ వారసురాలిగా వచ్చిన మనుమరాలికి నాయనమ్మకు మిగలని హక్కు రాదు. అప్పుడు మీ కథలో నిర్ణాయకమైన సాక్ష్యం ట్రంకుపెట్టెలోని నాయనమ్మ డైరీ అవుతుంది. దాన్ని మనుమరాలు కోర్టుకు ఇస్తుందా, దాచుకుంటుందా? నేను నవలా రచయితను కాను. అయినా ఆ అధ్యాయం చదవాలని ఉంది.

ఒక సూక్ష్మం గమనించండి. మరిదే తీశాడని నాయనమ్మకు తెలియడం ఒకటి, చిత్రం ఎవరి దగ్గర ఉందో తెలియడం మరొకటి. మరిది దాన్ని ఎవరికో అమ్మేశాక మాత్రమే ఆవిడకు దొంగ ఎవరో తెలిసి, కొన్నవారు ఎవరో తెలియకపోతే గడువు మొదలైనట్టు కాదు. చిత్రం మరిది దగ్గర ఉండగానే తెలిసి ఊరుకుంటే, లెక్క ఆ రోజు నుంచే మొదలైందని వ్యాపారి తరఫు న్యాయవాది వాదిస్తాడు.

నాయనమ్మ పుట్టింటి సొత్తు అని ఊరికే అనలేదు. దొంగ ఎవరన్న ప్రశ్నకు ముందు సొత్తు ఎవరిదన్న ప్రశ్న తేలాలి. అది ఉమ్మడి కుటుంబపు ఆస్తి అయితే చిన్నతాతయ్యకూ అందులో వాటా ఉంటుంది. మిగిలిన వాటాదారుల అనుమతితో చిత్రం ఆయన ఒక్కడి గదిలోనే ఉండేదనుకోండి. ఆయన దగ్గర నమ్మకంగా, సంగతి తెలియక కొన్నవాడికి అమ్మకం చట్టం 28వ సెక్షన్ మంచి హక్కే ఇస్తుంది. మీ నవల మొత్తం అక్కడ కూలిపోతుంది. అందుకే చిత్రాన్ని నాయనమ్మ పేరున ఉంచండి.

ఇక నేరం సంగతి. 1987 నాటి దొంగతనానికి అప్పటి భారత శిక్షాస్మృతే వర్తిస్తుంది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహిత వెనక్కి వెళ్లదు. ఇంట్లో దొంగతనానికి 380వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. క్రిమినల్ కేసుల్లో కాలపరిమితి మూడేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాలకే కాబట్టి, చిన్నతాతయ్య మీద ఇప్పుడైనా కేసు నడపవచ్చు.

వ్యాపారి నిందితుడవుతాడా అన్నది ఆయనకు ఏం తెలుసు అన్నదాని మీద ఆధారపడుతుంది. చోరీసొత్తు అని తెలిసి, లేదా అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి, దురుద్దేశంతో తీసుకున్నా దగ్గర ఉంచుకున్నా నేరమే. దొంగతనం జరిగిన కొద్ది రోజుల్లోనే సొత్తు ఎవరి దగ్గరైనా దొరికితే, అతను సంజాయిషీ ఇవ్వలేనప్పుడు దొంగగానో తెలిసి కొన్నవాడిగానో కోర్టు ఊహించవచ్చు. పదకొండేళ్ల తర్వాత కొన్నవాడి మీద ఆ ఊహ నిలవదు. అయితే నోటీసు అందాక ఆయన చిత్రాన్ని రాత్రికి రాత్రి గోదాముకు తరలిస్తే అది వేరే కథ. విదేశానికి పంపే ప్రయత్నం చేస్తే ఇంకా చిక్కు. రవివర్మ 1906లో మరణించారు. ఆయన చేతి చిత్రం ఏదైనా ఇప్పుడు నూరేళ్లు దాటినదే కాబట్టి 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం కింద పురావస్తువు అవుతుంది. నూరేళ్లు నిండక ముందే ఆయన చిత్రాలను కేంద్రం కళానిధులుగా ప్రకటించింది. ప్రైవేటు వ్యక్తి దాన్ని దేశం దాటిస్తే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్లు జైలు. (మీది అసలు చిత్రమేనని కథలో స్పష్టం చేయండి. మన ఇళ్ల గోడల మీద లక్ష్మీ సరస్వతుల పటాలుగా ఉన్నవి చాలావరకు ఆయన ముద్రణాలయం అచ్చువేసిన ప్రతులు.)

ఈ విదేశం అనే మలుపు తేలికైనది కాదు. ఇంగ్లండులో ఒకరి ఇంట్లో జపాను కళాఖండాలు దొంగతనానికి గురయ్యాయి. దొంగసొత్తు ఇటలీ చేరింది. అక్కడ ఒకాయన నమ్మకంగా కొని, తర్వాత అమ్మకం కోసం లండన్‌లోని వేలం సంస్థకే పంపాడు. అసలు యజమాని గుర్తుపట్టి కోర్టుకు వెళ్లాడు. అమ్మకం జరిగినప్పుడు వస్తువు ఇటలీలో ఉంది కాబట్టి ఇటలీ చట్టమే వర్తిస్తుందని 1979లో ఇంగ్లిష్ కోర్టు తేల్చింది. ఇటలీ చట్టం నమ్మకంగా కొని స్వాధీనంలోకి తీసుకున్నవాడి పక్షం వహిస్తుంది. అంటే సొత్తు ఒక సరిహద్దు దాటి వచ్చేసరికి అసలు యజమాని కేసు చిక్కుల్లో పడింది. మీ చిత్రం 1987, 1998 మధ్య ఎక్కడెక్కడ తిరిగిందో తేల్చకుండా రాయవద్దు.

రెండో పెద్ద తప్పు మీ హాలు సన్నివేశం. పోలీసు అధికారికి చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ అదే చెబుతుంది, ఆ పాత చట్టమూ అదే చెప్పింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఎదుట కూర్చుని అడుగుతుంటే చిన్నతాతయ్య ఒప్పుకున్నాడంటే డిఫెన్సు న్యాయవాది ఆ సన్నివేశాన్ని పది నిమిషాల్లో చెరిపేస్తాడు. ఇన్‌స్పెక్టర్‌ను ఆ ఇంట్లోకే రానివ్వకండి. హెడ్మాస్టరు పోలీసు కాదు. ఆయన దగ్గర, బలవంతం లేకుండా, తులసికోట పక్కన కూర్చుని పెద్దాయన చెప్పుకున్న మాట సాక్ష్యమే. బలహీనమైన సాక్ష్యమని కోర్టులు అంటాయి. కానీ దానికి తోడు ఇంకొకటి ఉంటే నిలుస్తుంది.

ఆ ఇంకొకటి కూడా చెబుతాను. అరెస్టయ్యాక పెద్దాయన పోలీసులతో, ‘నేనే కోసి తీశాను, చట్రాన్ని మా ఇంటి అటక మీద దాచాను’ అన్నాడనుకోండి. పోలీసులు వెళితే చట్రం దొరికింది. అప్పుడు ఆ మాటల్లో చట్రం దొరకడానికి నేరుగా దారితీసిన ముక్క మాత్రమే చెల్లుతుంది. ‘నేనే కోసి తీశాను’ చెల్లదు, ‘అటక మీద దాచాను’ చెల్లుతుంది. ఈ గీత గీసిన, బ్రిటిష్ పాలనలో మన కేసులకు చివరి అప్పీలు కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ తీర్పు మన గుంటూరు జిల్లా కేసులోనిదే. పులుకూరి కొట్టయ్య కేసుగా 1947 నుంచి దేశంలోని ప్రతి క్రిమినల్ కోర్టులో వినిపిస్తున్న పేరు అది. అక్కడ దొరికింది గడ్డివాములో దాచిన ఈటె. మీ అటక మీది చట్రానికీ అదే సూత్రం. కాన్వాసు అంచులకూ చట్రంలో మిగిలిన పోగులకూ పొత్తు కుదిరితే, హైదరాబాదు గోడ మీద ఉన్నది దివాణంలో పోయిన చిత్రమేనని కూడా రుజువవుతుంది. సివిల్ దావాలో మనుమరాలికి కావలసింది కూడా ఆ రుజువే.

మీ వ్యాపారిని మరీ దుర్మార్గుడిగా చేయకండి. ఆయనా నష్టపోయినవాడే. అమ్మకం చట్టం 14వ సెక్షన్ కింద తనకు అమ్మినవారి మీద ఆయన సొమ్ము కోసం వెళ్లవచ్చు. ఆయన కొన్నది చిన్నతాతయ్య దగ్గరే అయి, పెద్దాయనకు శిక్షపడి, అరెస్టు సమయంలో ఆయన దగ్గర డబ్బు దొరికితే, చిత్రం తిరిగి ఇచ్చాక ఆ డబ్బులోంచి తాను చెల్లించిన ధర ఇప్పించమని, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 499వ సెక్షన్ కింద కోర్టును కోరవచ్చు.

చివరగా ఒక తేదీ. మనుమరాలు ఫోటో చూసిన రోజు, ఆ ఇల్లు ఎవరిదో తెలిసిన రోజు వేర్వేరు కావచ్చు. రెండూ నవలలో విడివిడిగా వేయండి. రెండోదాని నుంచి మూడేళ్లలోపు ఆమె దావా వేసేలా కథ నడపండి.